మోకాలు నొప్పని వెళ్తే ఫిజియో పొట్టకీ నడుముకీ ఎక్సర్‌సైజులు ఇచ్చారు, సరైనదేనా?

లెక్కల టీచరమ్మ, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కుడి మోకాలు లోపలి పక్క నొప్పి ఏడాది దాటింది. మెట్లు దిగేటప్పుడు, కిందనుంచి లేచేటప్పుడు, నాలుగో పీరియడ్ అయ్యేసరికి ఎక్కువ. ఎక్స్‌రే చూసి డాక్టరు గారు "అరుగుదల మొదలైంది, రెండో గ్రేడు. ఆపరేషన్ ఊసు ఇప్పుడు వద్దు, ఫిజియోథెరపీ చేయించుకోండి" అన్నారు.

కరెంటు పెడతారు, వేడి పెడతారు అనుకుని వెళ్ళాను. ఫిజియో అమ్మాయి మోకాలు ఒకసారి వంచి చూసి, కుడికాలి మీద నిలబడమంది. వెనకనుంచి నా ఫోన్‌తోనే వీడియో తీసి చూపించింది. నేను నిటారుగానే నిలబడ్డానని అనుకుంటున్నాను గానీ, వీడియోలో భుజాలు రెండూ కుడివైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. జాకెట్టు వెనక కుట్టు చూస్తే స్పష్టంగా తెలుస్తోంది, ఏటవాలు గీత గీసినట్టుంది. ఎడంకాలి మీద అంత లేదు.

తర్వాత ఇచ్చినవి ఇవి: వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, పక్కకి తిరిగి మోచేతి మీద లేవడం, మోకాళ్ళ మీద చేతుల మీద ఉండి ఒక చేయి, ఎదురు కాలు చాపడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మావారు "మోకాలికి జబ్బయితే పొట్టకి వైద్యమా, ఇంకో చోట చూపిద్దాం" అంటున్నారు.

నాకు తెలియాల్సింది: నిజంగా సంబంధం ఉందా? ఆ చేయీ కాలూ చాపేది చేస్తుంటే నేలకి ఆనిన మోకాలే నొప్పెడుతోంది, ఏం చేయాలి? మా స్కూల్లో ఒక చిన్న టీచరు రెండేసి నిమిషాలు ప్లాంక్ (బోర్లా మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళంతా బల్లలా నిలపడం) చేస్తుంది, నన్నూ చేయమంటోంది. నాకు బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను.

సరదా వాకర్

మేడం, సింపుల్. వీడియోలో ఒరుగుతున్నారని తెలిసింది కదా. రేపట్నుంచి ఛాతీ ముందుకి పెట్టి, నిటారుగా నడవండి. అద్దం ముందు ప్రాక్టీస్ చేయండి. అలవాటు మారితే నొప్పి అదే పోతుంది. కోర్, అంటే పొట్టా నడుమూ, స్ట్రాంగ్ ఉంటే మోకాలు నొప్పులే రావు.

ఓరుగల్లు ఫిజియో

టీచర్ గారూ, మీ ఫిజియో సరిగ్గానే చూసింది, ఆమెని వదులుకోకండి. నేను హన్మకొండలో ప్రాక్టీస్ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా మోకాళ్ళ వాళ్ళే. మీ వారు అడిగిన మాట మాకు కొత్త కాదు, సాధారణంగా ఫీజు కట్టేటప్పుడు వస్తుంది.

తల, చేతులు, మొండెం కలిపితే ఒంటి బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. నడిచేటప్పుడు ప్రతి అడుగులో కాసేపు అదంతా ఒక్క కాలి మీద నిలబడాలి. ఇక మీ సబ్జెక్టులోకే వస్తాను. పాదం కింద నేల ఎదురు తోసే బలాన్ని ఒక గీతగా గీస్తే, అది మోకాలి మధ్యలోంచి పోదు, కాస్త లోపలి పక్కగా పోతుంది. ఆ బలాన్ని, ఆ గీతకీ మోకాలికీ మధ్య ఉన్న దూరంతో గుణించండి. వచ్చిందే మోకాలి లోపలి భాగాన్ని నొక్కేది. చాలామందికి అరుగుదల ముందు లోపలి పక్కే కనిపించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మీ ఒళ్ళు కుడికి ఒరిగింది. గీత కూడా కుడికి జరిగి మోకాలికి దగ్గరైంది. దూరం తగ్గింది, లబ్ధం తగ్గింది. అంటే ఆ ఒరుగుడు మీ శరీరం తనకి తోచిన ఉపాయం పన్నుకుని నొప్పి తప్పించుకోవడం. నడక ల్యాబుల్లో కావాలని ఇలా ఒరిగి నడవమని చెప్పి, లోపలి భారం తగ్గుతుందని కొలిచి చూశారు కూడా. అందుకే పైన ఒకాయన చెప్పినట్టు రేపట్నుంచే ఛాతీ విరుచుకుని నడవకండి. ఉపాయాన్ని లాగేసి, దాని చోట ఏమీ పెట్టకపోతే నొప్పి పెరుగుతుంది.

మరి అలాగే వదిలేయొచ్చు కదా అంటే, దానికి మూల్యం ఉంది. ప్రతి అడుగుకీ అంత బరువుని పక్కకి విసిరి మళ్ళీ వెనక్కి తెచ్చుకోవాలి. త్వరగా అలసిపోతారు, నడుము పట్టేస్తుంది, తడి నేల మీద తూలుతారు. మీకు నాలుగో పీరియడ్‌కి నొప్పి ఎక్కువవుతుందన్నారే, సాయంత్రానికి నడుము సంగతి ఎలా ఉంటుందో కూడా గమనించండి. నా దగ్గరికి వచ్చే టీచర్లు, సేల్స్ అమ్మాయిలు చాలామంది ముందు మోకాలని వచ్చి, రెండో రోజు నడుము గురించి చెబుతారు.

ఒరగడానికి నొప్పి ఒక్కటే కారణం కానక్కర్లేదు. కుడికాలి మీద నిలబడగానే ఎడమ పక్క తుంటి కిందికి జారాలని చూస్తుంది. దాన్ని జారనివ్వకుండా రెండు చోట్ల పని జరగాలి: కుడి పిరుదు పై పక్కన ఉండే కండరం కిందనుంచి పట్టుకోవాలి, ఎడమ పక్కటెముకలకీ తుంటి ఎముకకీ మధ్య ఉన్న నడుము కండరాలు పైనుంచి లాగాలి. ఈ ఇద్దరిలో ఎవరు చాలకపోయినా ఒళ్ళు ఒరిగి లెక్క సరిపెడుతుంది. మీకు ఏది ఎంత అన్నది చెయ్యి పెట్టి చూసినవాళ్ళకే తెలుస్తుంది. నేనైతే ఒక వేలు గోడకి ఆనించి మళ్ళీ నిలబడమంటాను. వేలు ఆనించగానే ఒరుగుడు దాదాపు పోతే, బలం కంటే ముందు బ్యాలెన్స్ మీద పని మొదలుపెడతాను.

పొట్ట సంగతి. 1990లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో పాల్ హాడ్జెస్, కరొలిన్ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు కండరాల్లోకి సన్నటి తీగలు పంపి చూశారు. కాలు కదపమంటే, కాలిని కదిపే కండరం కంటే ముందే పొట్ట లోపలి పొరలోని కండరం పని మొదలుపెడుతోంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళలో అది ఆలస్యంగా మేలుకుంటోంది. చాలా మంచి పరిశోధన. కానీ దాన్ని పట్టుకుని తర్వాత ఊరూరా "బొడ్డు లోపలికి లాక్కోండి" అనే వైద్యం బయల్దేరింది. నా మట్టుకు నేను పేషెంట్లకి రోజంతా పొట్ట బిగించుకుని తిరగమని చెప్పను. దగ్గబోయే ముందు పొట్ట ఎంత గట్టిపడుతుందో అంత చాలు, అదీ బరువు ఎత్తేటప్పుడు, లేచేటప్పుడు. నడుముకి బెల్టు కట్టుకుని కూర్చుంటే ఈ పని నేర్చుకునే అవకాశమే ఉండదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. మోకాలి అరుగుదలకి ఎక్కువ రుజువున్న మందులు తొడ ముందు కండరానికి బలం, నడక, బరువు తగ్గడం. అధిక బరువున్న మోకాళ్ళ పేషెంట్ల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతోందని లెక్క తేలింది. నడుము ఎక్సర్‌సైజులు వీటికి తోడు, వీటికి బదులు కావు. మీ ఫిజియో కుర్చీలోంచి లేవడం ఇచ్చింది చూశారా, మీ లిస్టులో మోకాలి వైద్యం అదే. అది మానేసి మిగతావి చేస్తే మీ వారి అనుమానం నిజమవుతుంది.

ఆ లేవడం కూడా ఎలా చేస్తున్నారో చూసుకోండి. కుర్చీ అంచుకి జరిగి, పాదాలు కొంచెం వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ళ పైకి వచ్చేదాకా తుంటి దగ్గర వంగి, అప్పుడు లేవాలి. అలా వంగితే పనిలో కొంత తుంటి, పిరుదుల మీదికి పోయి మోకాలి చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది. వెన్ను కర్రలా పెట్టుకుని నేరుగా లేద్దామంటే మొత్తం మోకాలే మోయాలి. నడుము ముందుకి వంచి ఆపగలిగే శక్తి లేనివాళ్ళు చేతులతో తొడల మీద నొక్కుకుని లేస్తారు, చూసే ఉంటారు.

మోకాలు నేలకి ఆనితే నొప్పి అన్నారు. మోకాలి చిప్పని గచ్చు మీద నొక్కమని ఎవరూ చెప్పలేదు. మందపాటి బొంత మడత వేసుకోండి. అప్పటికీ నొప్పి ఉంటే అదే పనిని నిలబడి చేయండి: డైనింగ్ టేబులు మీద రెండు అరచేతులు ఆనించి, కొంచెం ముందుకి వంగి, ఎడమ చేయి ముందుకి, కుడికాలు వెనక్కి, నడుము మెలిక పడకుండా. తర్వాత రెండో వైపు. పక్కకి తిరిగి మోచేతి మీద లేచేది మోకాళ్ళు మడిచి చేయండి, కాళ్ళు చాపి వద్దు. అదీ కష్టమైతే గోడకి మోచేయి ఆనించి పక్కకి వాలి నిలబడడంతో మొదలుపెట్టండి.

రెండు నిమిషాల ప్లాంక్ మీకొద్దు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద ఏళ్ళ తరబడి పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ కూడా ఇలాంటివి పది సెకన్లకి మించకుండా ఆపి, విడిచి, మళ్ళీ చేయమంటారు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు. దానికి నేను చెప్పే చిట్కా, పైకి వినిపించేలా అంకెలు లెక్కపెట్టడం. మాట వస్తున్నంతసేపూ ఊపిరి ఆగినట్టు కాదు. ఎక్కాలు చదివినా సరే.

చేసిన తర్వాత కాస్త నొప్పి ఉండొచ్చు, మర్నాటికి తగ్గిపోవాలి. మోకాలు వాస్తే, మధ్యలో పట్టేసి ఇరుక్కుపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, పిక్క వాచి వేడిగా ఉంటే ఇక్కడ అడగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కబడ్డీ మాస్టారు, ఒంగోలు

ఫిజియో గారు పెద్దవాళ్ళ మోకాళ్ళ గురించి చెప్పారు. నేను జిల్లా పరిషత్ స్కూల్లో పీఈటీని, ఆడపిల్లల జట్టుని తయారుచేస్తాను. మా దగ్గర లెక్క తిరగబడుతుంది. నడుము అదుపు లేకపోతే మోకాలు తర్వాత పోతుంది.

రైడర్ బోనస్ గీత దాటి వెనక్కి తిరిగేటప్పుడు చూడండి. ఒక కాలు నేల మీద, ఒళ్ళంతా దూకే వైపు కాకుండా ఇంకో వైపు పడిపోయి ఉంటుంది. ఆ క్షణంలో మోకాలు లోపలికి కూలుతుంది. పక్కన ఎవరూ తగలకుండానే లిగమెంటు, అంటే మోకాలి ఎముకల్ని కలిపి పట్టే పట్టీ, తెగుతుంది. పిల్ల "టక్" మని శబ్దం విన్నానంటుంది. అప్పుడు అందరూ చీలమండ పట్టి లాగారని ఎదుటి జట్టువాళ్ళని తిడతారు, వాళ్ళు అసలు పట్టుకోనే లేదు.

దీని మీద అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన పని 2007లో వచ్చింది. 277 మంది కాలేజీ ఆటగాళ్ళని కూర్చోబెట్టి, తుంటి కదలకుండా కట్టి, ఒంటికి తాడుతో బరువు లాగించి, ఉన్నట్టుండి తాడు వదిలేశారు. ఒళ్ళు ఎంత ఊగి ఆగిందో కొలిచారు. తర్వాత మూడేళ్ళు వాళ్ళని గమనించారు. ఎక్కువ ఊగినవాళ్ళలో మోకాలి లిగమెంటు గాయాలు ఎక్కువ, పక్కకి ఊగడం అన్నిటికంటే పెద్ద సూచన. ఆడపిల్లల్లో ఈ సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది. అప్పట్నుంచి నేను జట్టుతో రన్నింగ్ ఒక్కటే చేయించి వదిలేయడం మానేశాను. ఫుట్‌బాల్ వాళ్ళు చేసే ఫిఫా పదకొండు ప్లస్ వార్మప్ 20 నిమిషాలు చేయిస్తాను. అందులో ప్లాంకులు, పక్క ప్లాంకులు, ఒంటికాలి బ్యాలెన్స్, దూకి మెత్తగా దిగడం ఉంటాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల జట్ల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ఇచ్చారు, గాయాలు తగ్గాయి. ఖర్చు సున్నా. మ్యాట్ లేకపోయినా మట్టి గ్రౌండు చాలు.

అడగాల్సింది ఒకటుంది ఫిజియో గారూ. మా పిల్లల్లో మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అనేవాళ్ళు కూడా ఒంటికాలి మీద కూర్చుని లేవమంటే టీచర్ గారిలాగే పక్కకి ఒరుగుతారు. వాళ్ళనీ సరిచేయొద్దంటారా?

ఓరుగల్లు ఫిజియో

మంచి ప్రశ్న మాస్టారూ. వాళ్ళని సరిచేయాలి. చిప్ప చుట్టూ నొప్పి ఉన్న పిల్లల్లో ఒరుగుడుతో పాటు రెండో పక్క తుంటి జారడం, మోకాలు లోపలికి వాలడం కలిసి వస్తాయి. అక్కడ ఒరగడం వల్ల మోకాలికి లాభం లేదు. చిప్ప గాడిలోంచి బయటి పక్కకి రుద్దుకుంటుంది. అద్దం ముందు నిలబెట్టి, మోకాలు రెండో వేలి మీదుగా వెళ్ళేలా చూసుకోమనండి, ఎత్తు తక్కువ మెట్టు మీదనుంచి మొదలుపెట్టండి. టీచర్ గారి అరుగుదల వేరు, మీ రైడర్ మోకాలు వేరు. ఒకే వీడియో చూసి ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే చిక్కు.

లిగమెంటు తెగిందనుకున్న పిల్లకి మాత్రం ప్లాంకులతో సరిపెట్టకండి. ఎమ్మారై, ఆర్థోపెడిక్ డాక్టరు ముందు.

రిటైర్డ్ కండక్టర్, కరీంనగర్

చెల్లె, నేను ఆర్టీసీల కండక్టర్‌గ చేసి రిటైర్ అయిన. రెండు మోకాళ్ళు మార్పించుకున్న. ఆపరేషన్ మంచిగనే అయ్యింది, నొప్పి పోయింది. కానీ నడక మాత్రం పాతదే, బాతు నడక. మా ఇంటామె "కొత్త మోకాళ్ళు పెట్టిచ్చిన గదా, ఇంక అటు ఇటు ఎందుకు ఊగుడు" అన్నది. నాకైతే ఊగుతున్న అని తెల్వనే తెల్వదు.

మల్ల ఫిజియో దగ్గరికి పోతే, ఆయన చెప్పింది ఏందంటే, నొప్పి ఉన్న రోజుల్ల ఒళ్ళు నేర్చుకున్న నడక, నొప్పి పోంగనే పోదట. తుంటి పక్క కండరం కూడ ఇన్నేండ్లు పని లేక సన్నబడ్డదట. వంటింటి గట్టు పట్టుకుని కాలు పక్కకు లేపుడు, గట్టు వెంబడి పక్క అడుగులు వేసుడు, ఒంటికాలి మీద నిలబడుడు, ఇవే. మంచిగ చెయ్యనీకె ఓపిక కావాలె. మా ఇంటామె కూర కలుపుకుంట ఒక కంట నా భుజాలు చూసేది, ఒరిగితే గంటెతోని గట్టు మీద కొట్టేది.

ఇంకో సంగతి. సర్వీసుల ఉన్నప్పుడు బస్సుల నిలబడాలంటే ఎవరూ చేతులతోని పట్టుకోరు, ఒక చేతిల మిషను, ఒక చేతిల పైసలు. సీటు కడ్డీకి ఒక పక్క తుంటి ఆనించి నిలబడేది. ఎప్పుడు చూసినా అదే పక్క, ఎడమ పక్క. ముందుగ పోయింది కూడ ఎడమ మోకాలే. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఫిజియో సారు చెప్పాలె.

ఓరుగల్లు ఫిజియో

అన్నా, ఆనించి నిలబడడం వల్లే మోకాలు అరిగిందని నేను చెప్పలేను. వయసు, బరువు, కాళ్ళ వంపు, పాత దెబ్బలు, ఇంట్లో పెద్దవాళ్ళకి ఉందా లేదా, ఇన్ని ఉంటాయి. ఒక్కదాని మీద నేరం మోపలేం. మీ ఫిజియో చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. ఆపరేషన్ చేయించుకోబోయే వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, తొడకీ తుంటికీ ఎక్సర్‌సైజులు ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టండి.

గంటె దెబ్బ మా క్లినిక్‌లో కూడా పెడతాను.

లెక్కల టీచరమ్మ, రాజమహేంద్రవరం

అందరికీ ధన్యవాదాలు. బలం ఇంటూ దూరం అనగానే నాకు అంతా అర్థమైంది, మావారికి బొమ్మ గీసి చూపించాను. ఆయన కామర్స్, అయినా ఒప్పుకున్నారు. టేబులు మీద చేతులు పెట్టి చేసేది బాగుంది, మోకాలు నొప్పి లేదు. వేలు గోడకి ఆనించి చూశాను, ఒరుగుడు సగమే తగ్గింది. నడుము సంగతి కూడా నిజమే, నాకే తట్టలేదు, స్కూలు నుంచి వచ్చాక కుడి పక్క పట్టేస్తోంది. ఇవన్నీ మా ఫిజియోకి చెబుతాను.

ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకండి. కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళాలి, కొండ మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నాను, ఎక్కొచ్చా? వ్రతానికి కింద కూర్చోవాలి కూడా. రెండోది, బోర్డు మీద పైవరసలో రాసేటప్పుడు నాకు ఎక్కువ నొప్పి. ఎందుకో తెలియడం లేదు.

ఓరుగల్లు ఫిజియో

మొక్కు విషయంలో నేను స్వామికి అడ్డు రాను. మెట్లు ఎక్కడం కంటే దిగడం మోకాలికి కష్టం. ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి, మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కండి. దిగేటప్పుడు బస్సు ఎక్కండి, ఘాట్ రోడ్డు ఉంది కదా. ఎక్కడైనా కొన్ని మెట్లు దిగక తప్పకపోతే నొప్పి కాలు ముందు. కార్తీకానికి ఇంకా టైము ఉంటే ఇంటి మెట్ల మీద ఇప్పట్నుంచే కొంచెం కొంచెం పెంచుకోండి. అక్కడికి వెళ్ళి ఒక్కసారిగా ఎక్కితే వాస్తుంది.

వ్రతానికి ఎత్తుపీట అడగండి. చాలామంది పెద్దవాళ్ళు కుర్చీ కూడా వేయించుకుంటున్నారు. బాసింపట్టు వేసుకుని గంటన్నర కూర్చుని, ఆ బిగుసుకున్న మోకాలితో ఒక్క ఊపున లేవడమే ప్రమాదం. లేవబోయే ముందు కాళ్ళు చాపి నాలుగుసార్లు ఆడించండి.

బోర్డు సంగతి మీరు రాసింది చదివితే ఊహించగలను. కుడిచేతి వాటం అయితే, పైవరసకి అందడానికి మడమలెత్తి, బరువంతా కుడికాలి మీద వేసి, ఒళ్ళు చాపుతారు. అప్పుడు నడుము పక్క కండరాలు బాగా సాగి ఉంటాయి, తుంటిని పట్టి ఉంచాల్సిన పని కూడా అదే సమయంలో వాటి మీద పడుతుంది. వెనకనుంచి ఒక పిల్లాడితో వీడియో తీయించి మీ ఫిజియోకి చూపించండి. ఈలోగా బోర్డులో అన్నిటికంటే పైనున్న ఒక అడుగు మేర రాయకుండా వదిలేయండి, రాసేటప్పుడు ఎడమ పాదం ఒక అడుగు ముందుకి వేసి రెండు కాళ్ళ మీదా నిలబడండి, వరస మారినప్పుడు చేయి చాపకుండా మీరే పక్కకి జరగండి. పై వరసలో తప్పక రాయాల్సిన సూత్రం ఉంటే వెనక బెంచీ పొడుగు కుర్రాడిని పిలవండి, వాడికీ సూత్రం గుర్తుంటుంది.